ఎవరూ వెనక్కి పిలవని చౌక్

పెళ్లయిన ఇరవై ఏళ్లకు భార్యను మొదటిసారి టూరుకు తీసుకెళ్తూ, సముద్రాన్నీ కొండల్నీ కాదని మున్సిపాలిటీ ఆఫీసు చూపించినవాణ్ణి మా బజారు మొత్తంలో నేనొక్కణ్ణే. చూడ్డానికి టికెట్ లేదని తెలిశాకే ఎంచుకున్నాను. ఆ ఊరి పేరు మాత్రం చెప్పను. లక్సెట్టిపేటలో మా కిరాణానికి సరుకు అక్కణ్నుంచే వస్తుంది.

ఆమెది నస్పూర్, బొగ్గుబాయి కుటుంబం. అక్కచెల్లెళ్ల ఇళ్లలో గోడలకు జంటగా దిగిన టూరు ఫొటోలున్నాయి. పెళ్లి ఫొటో తర్వాత మేమిద్దరం కలిసి ఉన్నది రేషన్ కార్డులోనే. ఈసారి కాగితం మీద ఒక్క ఫొటో, ఇద్దరం పక్కపక్కన, వెనక ఆ బిల్డింగు. అంతకుమించి ఏమీ అడగనని బస్సులోనే చెప్పింది. అంత తక్కువ అడిగేసరికి నాకు అనుమానమేసింది.

బిల్డింగు చూశాక అది ఇంకా పెరిగింది. సున్నం లేదు, ప్లాస్టరింగ్ లేదు. చెక్కలు బిగించి పోసిన కాంక్రీటు మీద ఆ చెక్కల గీతలు అట్లాగే ఉన్నాయి. ప్లాస్టరింగ్ పైసలు ఎవరో మింగారని తేల్చేశాను. కావాలనే అట్లా కట్టారని వాచ్‌మన్ చెప్పాడు. పని మధ్యలో ఆపినవాళ్లందరూ అదే చెబుతారు. కింది అంతస్తంతా ఉత్త స్తంభాలే. ఇరవై దుకాణాల షట్టర్లు పట్టే జాగాను గాలికి వదిలేశారంటే నమ్మలేక, ఒక్కో స్తంభం వెనకా తొంగిచూశాను. లోపలికి పోయి చూడమని వాచ్‌మన్ నవ్వుతూ అన్నాడు. పోలేదు. దుకాణం ముందు ఆగిన గిరాకీని లోపలికి పిలిచేటప్పుడు మేమూ అట్లాగే నవ్వుతాం.

ముందర పెద్ద చౌక్. పరిచిన రాయి తప్ప ఒక చెట్టు లేదు, ఒక బండి లేదు. దానికి ఆ చివర, రోడ్డు వైపు మెట్ల మీద ఒక ఫొటోగ్రాఫర్, పక్కన చిన్న ప్రింటరు. అక్కడ కూర్చుంటే బిల్డింగు మొత్తం వెనక పడుతుంది. దారినపోయేవాళ్లకు మన ఫోనిచ్చి తీయించుకుందామని ఆమె అంటే, పట్టుకుని ఉరికితే ఎట్లా అని నేనే వద్దన్నాను. కాబట్టి ఇక అతడే దిక్కు. ఆ సంగతి అతడికి తెలియకూడదు.

రెండు వందలన్నాడు. వంద అన్నాను. కాగితం ధర పిరమన్నాడు, ఎండన్నాడు. ఎండ నువ్వు కొన్నావా అని అడిగాను. అయినా దిగలేదు. అప్పుడిక మా బజారు విద్య తీశాను: మొహం తిప్పుకుని నడవడం. మా దగ్గర పక్క దుకాణం గడప చేరకముందే వెనక నుంచి పిలుపు వస్తుంది. ఎంత నెమ్మదిగా నడవాలో, ఎక్కడ ఆగి చెప్పు సరిచేసుకోవాలో మా బాపు నేర్పాడు. వెనక్కి చూశామంటే బేరం పోయినట్టే.

ఆమెను మెట్ల దగ్గరే వదిలి బిల్డింగు వైపు నడిచాను. చెప్పు సరిచేసుకున్నాను. పిలుపు రాలేదు. సగం దూరం పోయాక తట్టింది, ఇక్కడ పక్క దుకాణమే లేదు. నేను ఎవరి దగ్గరికి పోతానని అతడు భయపడాలి? కట్టినవాళ్లు నాలాంటివాడి కోసమే ఇంత జాగా ఖాళీగా ఉంచారేమోననిపించింది. తిరగడానికి మొహం చెల్లక స్తంభాల దాకా పోయాను. వాచ్‌మన్ మళ్లీ నవ్వాడు.

అప్పుడు ఫోన్ మోగింది. మా ఆమే.

"ఏమయ్యా, గట్లనే లక్సెట్టిపేట దాక నడుస్తవా? బస్సు కిరాయన్న మిగులుతది."

తిరిగి వచ్చేసరికి ఫొటో ఆమె చేతిలో ఉంది. నేను లేకుండానే తీయించుకున్నావా అన్నాను.

"నువ్వున్నవ్ సేటు," అన్నాడు ఫొటోగ్రాఫర్. "జర మంచిగ చూడు."

చూశాను. ముందు మెట్టు మీద ఆమె, నవ్వుతూ. చాలా వెనక, బిల్డింగు కింద, చీమంత నా వీపు. ఇంకోటి తీయమన్నాను, రెండు వందలకే. ఆమె ఒప్పుకోలేదు.

"గిదే ఉండనియ్యి. నువ్వెట్లుంటవో గట్లనే పడ్డవ్."

ఫ్రేము కట్టే దుకాణంలో బేరం మొదలుపెట్టగానే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నడిచిపోవడానికి లేకుండా అయింది.

మొత్తం లెక్క ఇది. ఫొటో రెండు వందలు, ఫ్రేము మూడు వందల యాభై. తగ్గింది ఏమీ లేదు. ఇక ఫొటోలో ఆమె ఒక పక్కకు జరిగి కూర్చుంది. నా కోసం వదిలిన జాగా ఖాళీగానే ఉంది. ఆ ఖర్చు నాది.