తిహువానాలో గోంగూర పూలు

అయినా భయపడేవాళ్లు ప్రయాణాలు చేయకూడదని ఎక్కడా రూల్ లేదు కదా. నిన్న ఈ మాట దగ్గరే ఆపి నిద్రపోయాను. నాకు అన్నిటికీ భయమే. ఎస్కలేటర్ దిగాలంటే భయం, బస్సులో స్టాప్ బటన్ నొక్కాలంటే భయం, ఫోన్‌లో తెలియని మనిషితో ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే భయం. చదివిందంతా ఇంగ్లిష్ మీడియమే, అయినా సరే. తెనాలి నుంచి టొరంటో పక్కనున్న మిస్సిసాగా వచ్చి బాబాయ్ వాళ్లింట్లో పైగదిలో ఉంటూ కాలేజీకి వెళ్తున్నాను. బాబాయ్ ఇంట్లో ఉంటానంటేనే కెనడా పంపిస్తానని నాన్న షరతు పెట్టాడు. ఇక్కడికొచ్చాక బాబాయ్ ఇంకో షరతు కలిపాడు. చదువు అయ్యేదాకా దేశం దాటకూడదు. "రోజులు బాగాలేవమ్మా. స్టూడెంట్లు ఎక్కువైపోయారని రోజూ న్యూస్‌లో అంటున్నారు. బయటికెళ్తే మళ్లీ రానిస్తారో లేదో ఎవడికి తెలుసు" అంటాడు. కాబట్టి ఫిబ్రవరిలో రీడింగ్ వీక్ సెలవులకి నేను కెనడాలోనే సస్కటూన్‌లో ఉన్న స్కూల్ ఫ్రెండ్ కావ్య దగ్గరికి వెళ్లొచ్చాను. ఇంట్లో వాళ్లకి తెలిసింది అదే. నిజానికి నేను వెళ్లింది మెక్సికోలో, అమెరికా సరిహద్దుకి ఆనుకుని ఉన్న తిహువానాకి. ఈ సంగతి బయటపడితే సెమిస్టర్ అవగానే నాన్న రిటర్న్ టికెట్ పంపిస్తాడు. అందుకే పేరు లేకుండా రాస్తున్నాను. ముందు కాగితాల మీద రాసుకుని, తర్వాత కాలేజీ లైబ్రరీలో టైప్ చేస్తాను.

వెళ్లాలనిపించడానికి కారణం మారిసోల్. మా క్లాస్‌మేట్, సొంతూరు తిహువానా. మంచు పడి కిటికీ అంతా తెల్లగా ఉన్న ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో తన ఫోన్ చూపించింది. గులాబీ రంగు గోడలు, నీలం తలుపులు, ఎండలో మెరుస్తున్న సముద్రం, పొగలు కక్కుతున్న పెనం ముందు వాళ్ల అమ్మమ్మ. బయట అంతా బూడిద రంగు. నా చేతిలో ఉన్న ఫోన్ మాత్రం వెచ్చగా అనిపించింది. "వస్తావా? ఇంట్లోనే ఉండొచ్చు" అంది. జీవితంలో మొదటిసారి ఎవర్నీ అడగకుండా సరే అన్నాను. నా పాస్‌పోర్టులో కెనడా వీసా ఇంకా చెల్లుతోంది కాబట్టి మెక్సికోకి వేరే వీసా అడగలేదు. మీరు వెళ్లేటప్పుడు రూల్ మళ్లీ ఒకసారి చూసుకోండి, ఇవి మారుతూ ఉంటాయి. అమెరికా వీసా లేదు కాబట్టి శాన్ డియాగో మీదుగా వెళ్లే దగ్గరి దారి నాకు లేదు. టొరంటో నుంచి మెక్సికో సిటీకి ఐదు గంటలు, అక్కడ విమానం మారి తిహువానాకి ఇంకో నాలుగు గంటలు. ముందే కొంటే రానూపోనూ ఆరేడు వందల డాలర్లలో అయిపోతుంది. మెక్సికో సిటీలో ఇమిగ్రేషన్ ఆఫీసర్ నా పాస్‌పోర్టు తిరగేస్తుంటే అడక్కముందే తిరుగు టికెట్ కూడా తీసి ముందు పెట్టాను. ఆయన ఆవులించి స్టాంపు కొట్టాడు.

నేనూ మారిసోల్ తిహువానాలో దిగేసరికి పొద్దున్నే. విమానాశ్రయం పక్కనే అమెరికా సరిహద్దు కంచె. అంత దగ్గరగా ఉంటుందని అనుకోలేదు. టాక్సీ వెళ్తున్నంతసేపూ కుడివైపు మాతోపాటే పరిగెత్తుతూ వచ్చింది. తుప్పు రంగు ఇనప ఊచలు, వాటి వెనక ఖాళీ కొండలు. ఊళ్లోకి మూడు వందల పెసోలు తీసుకున్నాడు. డ్రైవర్ పెద్దాయన, ఇంగ్లిష్ బాగా వచ్చు.

"ఎక్కణ్ణించి వచ్చావమ్మా?"

"కెనడా."

"అంతకుముందు?"

"ఇండియా."

"అయితే నీకు రెండు దేశాలు. నాకూ రెండుండేవి, ఒకటి వెనక్కి తీసుకున్నారు." అద్దంలో చూసి నవ్వాడు. లాస్ ఏంజెలెస్‌లో ఇళ్లకి పైకప్పులు వేసే పని చేసేవాడట. కాగితాలు సరిగ్గా లేవని పంపేశారు. "మా అమ్మాయి అటే పుట్టింది. నెలకోసారి తనే వస్తుంది. నా కోసమని చెప్తుంది. టాకోల కోసమని నా అనుమానం" అన్నాడు. మారిసోల్ పడీపడీ నవ్వింది. నేను కూడా నవ్వాను. కానీ పంపేశారు అన్న మాట విన్నాక బ్యాగ్‌లో పాస్‌పోర్టు ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకున్నాను.

మారిసోల్ వాళ్ల అమ్మమ్మ ఇంటి ముందు గదే అంగడి. రెండు బల్లలు, ఒక పెనం, గోడకి వేలాడే మిరపకాయల దండలు. ఆవిడ నన్ను చూడగానే రెండు బుగ్గలూ పట్టుకుని "మిహా" అంది. నా తల్లీ అనడం లాంటిదట. టాకో ఒక్కోటి నలభై, యాభై పెసోలు, కానీ నా దగ్గర తీసుకోలేదు. బీఫ్ తిననని మారిసోల్ ముందే చెప్పిందట, నాకు చేప వేయించింది. వేడి మొక్కజొన్న రొట్టె మీద కరకరలాడే చేప ముక్క, పైన క్యాబేజీ, నిమ్మరసం, నిప్పులాంటి పచ్చిమిర్చి చట్నీ. కళ్లలో నీళ్లొచ్చాయి. ఆవిడ కంగారుపడి మారిసోల్‌తో ఏదో అంది.

"కారం ఎక్కువైందా అని అడుగుతోంది."

"ఇంకొంచెం వేయమని చెప్పు."

అమ్మమ్మ నా వైపు చూసిన చూపులో ఆ క్షణం నుంచి మర్యాద పెరిగింది. పెద్ద గాజు కూజా లోంచి ఎర్రటి డ్రింకు గ్లాసులో పోసి ఇచ్చింది. చల్లగా, తియ్యగా ఉంది. మింగాక ఆ తీపి వెనక నుంచి పులుపు వచ్చింది. దవడల మూలల్లో పట్టేసి, కళ్లు మూతపడేలా చేసే పులుపు. ఆ పులుపు నాకు తెలుసు. ఎక్కడ, ఎప్పుడు అన్నది మాత్రం గుర్తు రాలేదు. కలలో ఎవరినో చూసి, లేచాక పేరు గుర్తు రానట్టు. "ఏంటిది?" అంటే "హమైకా" అన్నారు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు.

భోజనాలయ్యాక మార్కెట్‌కి నడిచాం. పది నిమిషాల దూరం. లోపలికి అడుగుపెట్టగానే ఎండుమిర్చి ఘాటుకి తుమ్ములు. గుట్టలుగా చింతపండు, అచ్చులు పోసిన బెల్లం, మామిడికాయ ముక్కల మీద ఉప్పూ కారం జల్లి అమ్మే బండి. పైన రేకుల సందుల్లోంచి ఎండ పడి గాలిలో కారం పొడి మెరుస్తోంది. ఎవరో గిటార్ వాయిస్తున్నారు, ఎవరో ధర కోసం పోట్లాడుతున్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఎవరు ఎంతకి అడుగుతున్నారో, ఎవరు ఇవ్వనంటున్నారో అంతా అర్థమవుతోంది. చాలా నెలల తర్వాత నేను భయపడటం మర్చిపోయాను. ఒక కొట్టు ముందు గోనెసంచి నిండా ముదురు ఎరుపులో ఎండిన పూలు. మారిసోల్ ఒకటి తీసి "ఇదే హమైకా, నువ్వు తాగింది" అంది. చేతిలోకి తీసుకున్నాను. ఐదు రేకులు పైకి ముడుచుకుని, అడుగున గుండ్రంగా. నలిపి వాసన చూశాను.

గోంగూర. ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే రేకులు. తెనాలి బజార్లో బుట్టల్లో పెట్టి అమ్మేవాళ్లు, అమ్మ వాటితో పచ్చడి నూరేది.

ఆ కొట్టు ముందే నిలబడి మారిసోల్‌కి మా పిన్ని గురించి చెప్పాను. పిన్ని ప్రతి ఎండాకాలం మిస్సిసాగాలో పెరట్లో కుండీల్లో గోంగూర వేస్తుంది. ఆకు బ్రహ్మాండంగా వస్తుంది, టొరంటో వైపు ఎటోబికో నుంచి కూడా తెలిసినవాళ్లు వచ్చి కోసుకెళ్తారు. కానీ అది మొగ్గ తొడిగే కాలం వచ్చేసరికి ఇక్కడ చలి మొదలవుతుంది. పిన్ని ఊరుకోదు. సాయంత్రం కాగానే కుండీలన్నీ గరాజ్‌లోకి లాగి పాత చీరలు కప్పుతుంది, పొద్దున మళ్లీ బయటికి లాగుతుంది. "దానికి నాకంటే మంచి దుప్పట్లు" అని బాబాయ్ ఏడిపిస్తాడు. అయినా ఏదో ఒక ఉదయం మంచు పట్టి చెట్టంతా నల్లగా వాలిపోతుంది. ఈ దేశం వచ్చినప్పటి నుంచీ పిన్ని గోంగూర కాయ చూడలేదు. నేను వచ్చిన కొత్తలో చెప్పింది, "కాయల పచ్చడి ఒక్కసారి తింటే చాలే, ఇంకేం అడగను" అని. మారిసోల్ అంతా విని, కొట్టువాడితో బేరమాడి అరకిలో పొట్లం కట్టించింది. ధర కూడా ఎంతో కాదు. దాన్ని తీసుకునేటప్పుడు ఒక్క విషయం నాకు తట్టలేదు. సస్కటూన్‌లో గోంగూర పూయదు.

మూడింటికి బస్సులో సముద్రం ఒడ్డుకి వెళ్లాం. ఊళ్లోంచి అరగంట. కంచె అక్కడ ఇసుక దాటి నీళ్లలోకి దిగిపోతుంది. ఇటువైపు ఊచలకి రంగులేసి బొమ్మలు గీశారు. పిల్లలు వాటి నీడలో ఇసుకతో గూళ్లు కడుతున్నారు. చివరి ఊచ మీద పెద్ద పక్షి ఒకటి రెండు దేశాల మధ్య నిద్రపోతోంది. అటు ఖాళీ ఇసుక, ఇటు కొబ్బరిబొండాల బండ్లు, వేయించిన రొయ్యల వాసన, జంటలు, కుక్కలు, పాటలు. అలలు ఊచల మధ్య నుంచి అటు వెళ్లి ఇటు వస్తుంటే చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. అప్పుడు ఫోన్ మోగింది. వీడియో కాల్. పిన్ని.

నేను ఇంట్లో లేకపోతే పిన్ని డ్యూటీ నుంచి రాగానే రోజూ చేస్తుంది. ఎలా మర్చిపోయానో. టొరంటో నుంచి మోసుకొచ్చిన చలికోటు బ్యాగ్‌లోంచి లాగి తొడుక్కుని, మెడదాకా జిప్పు వేసి, టోపీ లాక్కుని, ఒక హోటల్ తెల్లగోడకి ఆనుకుని నిలబడ్డాను. చుట్టూ చేతుల్లేని బనియన్లలో జనం. ఐస్‌క్రీమ్ అమ్మే ఆవిడ నన్ను చూసి శిలువ గుర్తు వేసుకుంది.

"ఏమే, తిన్నావా? ఎక్కడున్నావ్?"

"కావ్య వాళ్ల లాబీలో, పిన్నీ."

"ఆ చెమటలేంటి?"

"హీటర్ ఎక్కువ పెట్టారు."

అప్పుడే నా వెనక ట్రంపెట్లతో పాటలవాళ్లు మొదలుపెట్టారు.

"ఆ బాజాలేంటే?"

"ఇక్కడెవరిదో పెళ్లి."

"మైనస్ ముప్ఫైలో పెళ్లేంటే? ముహూర్తం పెట్టినవాడికి బుద్ధుండాలి." వెనక నుంచి బాబాయ్ నవ్వు వినిపించింది. "సరే, బయటికెళ్తే మఫ్లర్ కట్టుకో. నీ చెవులు అసలే పల్చన."

కోటు జేబులో గోంగూర పొట్లం నా చేతికి తగులుతోంది. తీసి ఫోన్ ముందు పెడితే పిన్ని చిన్నపిల్లలా కేకలేస్తుంది. ఆ వెంటనే ఎక్కడ దొరికిందని అడుగుతుంది. "అలాగే పిన్నీ" అని పెట్టేశాను. మారిసోల్ నవ్వి నవ్వి ఇసుకలో కూలబడింది. నాకు నవ్వు రాలేదు.

మూడు రోజులుండి ఒక్కదాన్నే తిరిగొచ్చాను, మారిసోల్ ఇంకొన్నాళ్లు ఆగింది. టొరంటో పియర్సన్ ఎయిర్‌పోర్టులో దిగేదాకా బాబాయ్ మాట చెవుల్లో తిరుగుతూనే ఉంది. మళ్లీ రానిస్తారో లేదో. స్టడీ పర్మిట్, కాలేజీ లెటర్, మార్కులు అన్నీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆఫీసర్ అవి చూసి, తిండి పదార్థాలేమైనా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయని కస్టమ్స్ కార్డులో ముందే రాశాను, పొట్లం కూడా తీసి చూపించాను. ఆమె విప్పి వాసన చూసింది.

"దీంతో ఏం చేస్తావ్?"

"పచ్చడి. మా పిన్ని కోసం. ఆవిడకి ఇదంటే ప్రాణం, ఇక్కడ పూయదు."

"లక్కీ ఆంటీ" అని పొట్లం మడిచి ఇచ్చేసింది. నేను ఆమెకి ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చాక పిన్ని తలుపు తీయగానే, "సస్కటూన్‌లో ఎండలు మండిపోతున్నాయా ఏంటే, ముక్కు మాడిపోయింది" అంది. "మంచు మీద ఎండ పడితే అంతే పిన్నీ" అన్నాను. ఆవిడ లోపలికెళ్లి కలబంద గుజ్జు తెచ్చి తనే రాసింది. వారం నుంచి పొట్లం నా బట్టల కింద ఉంది. గది తలుపు తీస్తే చాలు పుల్లటి వాసన.

ఆ ఊరు గురించి ఆలోచిస్తే ఇప్పుడు నాకు కంచె అంతగా గుర్తు రావడం లేదు. కారం పొడి మెరిసే ఆ వెలుగు, నా బుగ్గలు పట్టుకున్న ఆ చేతులు, ఎవరికీ చెప్పకుండా నేను సంతోషంగా ఉన్న ఆ మూడు రోజులు గుర్తొస్తున్నాయి. కానీ ఆ సంతోషాన్ని ఎవరికీ చూపించలేకపోతే అది నిజంగా జరిగిందా లేదా అని నాకే అనుమానం వస్తోంది. ఇవాళ సాయంత్రం ఉండబట్టలేక నాలుగు పూలు గ్లాసులో నానబెట్టాను. ఒక్కసారి ఆ పులుపు చూస్తే అదంతా కల కాదని తెలుస్తుందని.

వెళ్లేవాళ్లకి నా సలహా ఒక్కటే. ఎండు గోంగూర పూలు తప్పకుండా తెచ్చుకోండి, విత్తనాలు మాత్రం వద్దు, వాటి రూల్స్ వేరు. తెచ్చింది దాచకండి. కార్డులో రాయండి, అడక్కముందే తీసి చూపించండి. నేను చూసినంతవరకూ చెప్పినవాళ్లని ఎవరూ ఏమీ

తలుపు కొడుతున్నారు. పిన్ని.

"ఏమే, పడుకున్నావా? కిచెన్‌లో ఈ ఎర్రనీళ్ల గ్లాసు నీదేనా? గోంగూర కాయ వాసన వస్తోందే ఇది. ఎక్కడిది?"

గ్లాసు కిందే మర్చిపోయాను. కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నాను. పొట్లం మాత్రం చేతిలోనే ఉంచుకుని తలుపు తీస్తాను.