షుగరు పిల్లల అమ్మానాన్నలం

మా పాపకి షుగరని తెలిసేనాటికి తను రెండో తరగతి చదువుతోంది. మాది బాపట్ల. నేను కరెంటు ఆఫీసులో గుమాస్తాని. పాప బిందెలకు బిందెలు నీళ్లు తాగుతుంటే ఎండలకి కాబోలు అనుకున్నాం. చిక్కిపోతుంటే పళ్లు ఊడే వయసు కదా, సరిగ్గా తినడం లేదనుకున్నాం. ఒకరోజు బళ్లో కళ్లు తిరిగి పడిపోయింది. తెనాలిలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన రక్తం పరీక్ష చేయించి, మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు. ఇది పెద్దవాళ్లకొచ్చే షుగరు లాంటిది కాదు. ఈ పిల్లల ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. బయటినుంచి సూదితో ఇవ్వాలి. రోజూ ఇవ్వాలి. ఎప్పటికీ ఇవ్వాలి.

మా ఆవిడ ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు వచ్చిందొక పెద్దావిడ. తెల్లచీర, మెడలో దారానికి వేలాడే కళ్లజోడు. నర్సుగా రిటైరయ్యాక కూడా కొత్తగా జబ్బు బయటపడిన పిల్లల తల్లిదండ్రుల కోసం ఆ ఆస్పత్రికి వస్తూ ఉంటుందని తర్వాత తెలిసింది. అందరూ ఆమెను సిస్టరమ్మ అంటారు. వచ్చి మా ఆవిడ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది.

"ఏడువమ్మా, ఏడు. అయ్యాక సూది పట్టుకోవడం నేర్పిస్తాను."

అలాగే నేర్పించింది. ముందు మందు లేని ఉత్త సెలైను సూదిని మా ఆవిడ చేత నా చేతికే వేయించింది. వెళ్లేటప్పుడు నా ఫోన్ నంబరు అడిగి, ఒక గ్రూపులో చేర్చింది. చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులందరూ అందులో ఉన్నారు. చేరగానే ఆమె గొంతుతో ఒక మెసేజ్ వచ్చింది.

"కొత్తగా వచ్చిన నాన్నగారికి చెప్తున్నానయ్యా. ఇక్కడ ఎంత చిన్న ప్రశ్నైనా అడగొచ్చు. ఎవరూ నవ్వరు. కానీ మీ పాపకి ఎంత మందు వేస్తున్నారో ఇక్కడ రాయొద్దు. అది చూసి ఇంకో తల్లి తన బిడ్డకి అంతే వేస్తుంది. పాప పేరు, ఫోటో కూడా పెట్టొద్దు. ఈ జబ్బు సంగతి ఎవరికి చెప్పుకోవాలో పెద్దయ్యాక ఆ పిల్లే చూసుకుంటుంది."

ఆ చివరి మాట విన్నాక నేను ఫోన్ పక్కన పెట్టి పాప వంక చూశాను. తను మంచం మీద బోర్లా పడుకుని బొమ్మకి రంగులు వేసుకుంటోంది. ఈ పిల్లకి సొంతమైన మాటలుంటాయని, వాటిని నేను ముందే చెప్పేయకూడదని అంతకుముందు నాకు తోచలేదు.

మొదటి వారం నేను గ్రూపులో అడిగినవన్నీ ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. గుళ్లో పెట్టిన పులిహోర తినొచ్చా? సూది వేశాక బస్సు ఆలస్యమైతే ఎలా? కరెంటు పోతే ఇన్సులిన్ పాడవుతుందా? కరెంటు ఆఫీసులో పనిచేసేవాడే ఇలా అడిగితే మిగతావాళ్ల గతేంటని ఒకాయన సరదాగా రాసి, వెంటనే, తడి ఇసుకలో మట్టికుండ పెట్టి అందులో ఉంచుకోమని చెప్పాడు. ఒక సాయంత్రం నేను వరసగా ప్రశ్నలు అడుగుతుంటే ఎవరో తల్లి జవాబుగా ఒకే ముక్క రాసింది: "అన్నయ్యా, మీరు తిన్నారా?" పాపకి జబ్బు బయటపడ్డాక నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. ఆఫీసు మెట్ల మీద కూర్చుని కాసేపు కళ్లు తుడుచుకున్నాను.

ఏళ్లు గడిచేసరికి అడిగేవాణ్ణి కాస్తా జవాబులు చెప్పేవాణ్ణయ్యాను. సిస్టరమ్మకి వయసు మీద పడటంతో గ్రూపు చూసుకోవడంలో నన్నూ తోడు పెట్టుకుంది. రేపల్లె నుంచి ఒక చిన్నమ్మాయి చేరింది. పెళ్లయి నాలుగైదేళ్లయి ఉంటుందేమో, మూడేళ్ల కొడుకు. గ్రూపులో ఎప్పుడూ మాట్లాడేది కాదు. అందరూ రాసినవి చదువుకునేది, అంతే.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక తాతగారు చేరారు. రేపల్లె దాటి పల్లెటూరు. కూతురు, అల్లుడు వేటపాలెంలో జీడిపప్పు కంపెనీలో పనికి వెళ్లి అక్కడే ఉంటారు. మనవరాలిని ఈయనే చూసుకుంటారు. రోజూ పొద్దున్నే నమస్కారం పెట్టి, అందరి పిల్లలూ బాగుండాలని రాసేవారు.

ఒక శనివారం ఆ తాతగారు ఒక వీడియో పెట్టారు. ఎవరో ఒకాయన ఏదో ఆకు పొడి చూపించి, ఇది మొదలుపెట్టిన రోజు నుంచే సూదులు మానేయొచ్చు, పిల్లలకి జన్మలో మళ్లీ అక్కర్లేదు అని చెబుతున్నాడు. కింద తాతగారి మాట: "మన పిల్లల కష్టం గట్టెక్కే దారి దొరికింది. అందరికీ పంపండి."

నేను ఆ రోజు ఆఫీసు పనిలో పడి గ్రూపు చూడలేదు. సిస్టరమ్మ బంధువుల పెళ్లిలో ఉంది. ఆదివారం పొద్దున టిఫిన్ తింటూ ఫోన్ తెరిచేసరికి ఆ వీడియో కింద వరసగా దండాలే. ఎక్కడ దొరుకుతుంది, ఎలా తెప్పించుకోవాలి అని అడిగినవాళ్లు కొందరు. నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్లల్ని చంపుతారా?" అని టైపు చేశాను. పంపబోతుంటే మా ఆవిడ ప్లేట్లో ఇంకో ఇడ్లీ వేస్తూ ఫోన్లోకి తొంగి చూసింది.

"ఎవరినండీ అంటున్నారు?"

"ఒక తాతగారు. సూదులు మానేయమని వీడియో పెట్టాడు."

"ఆయన మానేయమన్నాడా, వీడియోలోవాడు అన్నాడా?"

నేను పంపకుండా వేలు వెనక్కి తీసుకున్నాను.

"ఆయన్ని తిడితే ఆయన నోరు మూసుకుంటాడు. ఆ పొడి తెప్పించుకుందామనుకునేవాళ్లు మీకు చెప్పకుండా తెప్పించుకుంటారు. వాళ్లకి పనికొచ్చేది రాయండి."

రాసింది చెరిపేశాను. మళ్లీ రాశాను. "తాతగారూ, మీరు మంచి కోరే పెట్టారని తెలుసండి. కానీ ఇది నిజం కాదు. మన పిల్లల ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. సూది ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి ఎవరూ ఆపవద్దు. ఇప్పటికే ఎవరైనా ఆపి ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాకు ఫోన్ చేయండి. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు." పంపి, ఆ వీడియో గ్రూపులోంచి తీసేశాను. ఎందుకు తీశానో కూడా రాశాను.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. రేపల్లె అమ్మాయి. ఆమె గొంతు వినడం అదే మొదలు.

"అన్నయ్యా, ఏమీ అననన్నారు కదా?"

"అననమ్మా. చెప్పు."

"మా అత్తయ్య ఆ వీడియో చూసి, ఊళ్లో ఎవరి దగ్గరో ఆ పొడి ఉందంటే తెచ్చారు. నిన్న రాత్రి సూది వెయ్యలేదండి. ఇవాళ పొద్దున కూడా వెయ్యలేదు. బాబు కడుపునొప్పంటున్నాడు. ఇందాక వాంతి చేసుకున్నాడు. గస పెడుతున్నాడన్నయ్యా."

"షుగరు చూశావా?"

"మిషన్లో అంకె రావట్లేదు. హై అని చూపిస్తోంది." ఏడుపు మొదలైంది. "మీరు చెప్పండన్నయ్యా, ఇప్పుడు ఎంత వెయ్యమంటారు? మీ పాపకి ఎంత వేస్తారో అంత వేసేస్తాను."

మా పాపకి ఎంత వెయ్యాలో నాకు నిద్రలో లేపినా తెలుసు. ఆ అంకె నాలుక చివరిదాకా వచ్చింది. అంత ఏడుస్తున్న మనిషికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలని ప్రాణం కొట్టుకుంది. కానీ మా పాప అప్పటికి తొమ్మిదో తరగతి. ఆ బాబుకి మూడేళ్లు.

"అది నేను చెప్పకూడదు తల్లీ, డాక్టరు చెప్పాలి. బాబుని ఎత్తుకుని ఇప్పుడే ఆస్పత్రికి బయల్దేరు. రెండు సూదులు వెయ్యలేదని వెళ్లగానే చెప్పు. దాచొద్దు. నువ్వు ఆటో ఎక్కు, నేను ఫోన్ పెట్టను."

పెట్టలేదు. ఆటో చప్పుడు, ఆమె ఊపిరి, వెనక నుంచి అత్తగారి ప్రార్థన, అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. మా ఆవిడ తన ఫోన్ నుంచి సిస్టరమ్మకి చేసింది. చర్చిలో ఉందేమో, మొదట ఎత్తలేదు. బయటికి వచ్చి తిరిగి చేసింది. విషయం చెప్పగానే తెనాలి డాక్టరుకి ఫోన్ చేసి బాబు వస్తాడని చెప్పి ఉంచింది. రేపల్లె ఆస్పత్రిలో సెలైన్ పెట్టి, అంబులెన్సులో తెనాలి పంపించారు.

నేను బండెక్కి తెనాలి చేరేసరికి బాబు లోపల ఉన్నాడు. తల్లి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నన్ను ఎలా గుర్తుపట్టిందో, "అన్నయ్యా" అని దగ్గరికి వచ్చింది. అత్తగారు దూరంగా, చెప్పుల స్టాండు పక్కన నేల మీద కూర్చుంది. ఒళ్లో సంచి ఉంది. అందులో ఆ పొడి డబ్బా. సిస్టరమ్మ చర్చి చీరతోనే వచ్చేసింది. నేరుగా వెళ్లి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఆ అత్తగారి పక్కన నేల మీదే కూర్చుంది.

"నేనే అమ్మా, నేనే చేశాను," అంది అత్తగారు. "వాడికి రోజూ అన్ని పోట్లు పొడుస్తుంటే చూళ్లేకపోయాను."

"తెలుసమ్మా. ఆ డబ్బా నాకియ్యి." సిస్టరమ్మ డబ్బా తీసుకుని తన సంచిలో వేసుకుంది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. సాయంత్రానికి డాక్టరు బయటికి వచ్చి బాబు కళ్లు తెరిచాడని, గండం గడిచిందని చెప్పేదాకా వదల్లేదు.

ఈలోగా గ్రూపులో విషయం పొక్కింది. తాతగారి మీద మెసేజ్‌లు వచ్చి పడ్డాయి. హంతకుడన్నారొకరు. పోలీసులకి పట్టివ్వమన్నారొకరు. ముందురోజు దండాలు పెట్టినవాళ్లే ఇప్పుడు తీసెయ్యండి, తీసెయ్యండి అంటున్నారు. తాతగారు ఒక్కమాట రాయలేదు. సిస్టరమ్మ అవన్నీ చదివి, ఎవరూ ఏమీ రాయకుండా గ్రూపు మూసి ఉంచమంది. నేను మూశాను.

"ఆ పెద్దాయన దగ్గరికి వెళ్దాం బాబూ," అంది. "ఆయన దగ్గర కూడా ఒక పిల్ల ఉంది కదా. ఆ పిల్లకి సూది పడుతోందో లేదో."

నాకు ఆ ఆలోచనే రాలేదు.

మర్నాడు సెలవు పెట్టి, ఇద్దరం తెనాలిలో రేపల్లె బండెక్కాం. దారి పొడుగునా కోసిన చేలు. సిస్టరమ్మ కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ ఉంది. రేపల్లెలో దిగి ఆటోలో వెళ్లాం. తాతగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. మేమెవరమో చెప్పగానే లేచి నిలబడ్డారు. కూర్చోమనలేదు, నీళ్లివ్వలేదు.

"ఆ బాబు ఎలా ఉన్నాడమ్మా?"

"బాగున్నాడండి. పాలు తాగాడు."

ఆయన మళ్లీ అరుగు మీద కూలబడ్డారు. భుజం మీద కండువా తీసి మొహం కప్పుకున్నారు.

"మీ మనవరాలికి సూది మానేశారా?" అని సిస్టరమ్మే అడిగింది.

"లేదమ్మా. నేను పోస్టులో తెప్పిస్తున్నాను, ఇంకా రాలేదు. నాకేదైనా మంచి కబురు తెలిస్తే నేనొక్కణ్ణే ఉంచుకోవడం తప్పనుకున్నాను. నలుగురి పిల్లలూ బాగుపడతారని..."

"మంచి కబురనిపిస్తే ముందు నాకు పంపండి," అంది సిస్టరమ్మ. "డాక్టరుగారిని అడిగి చెప్తాను. నిజమైతే ఇద్దరం కలిసే అందరికీ చెబుదాం."

"ఇంకా నన్ను ఉంచుతారా అమ్మా?"

"మీరు వెళ్లిపోతే ఆ పిల్ల సంగతి మేం ఎవరిని అడగాలి?"

అప్పుడు లోపల్నుంచి రెండు జడల పిల్ల వచ్చి తాత భుజానికి ఆనుకుని మమ్మల్ని చూసింది. అందరికీ ఒక మాట చెప్పాలని తాతగారు నా ఫోన్ అడిగారు. తన ఫోన్లో మాట్లాడితే సరిగ్గా పడదట. గ్రూపు తెరిచి ఆయన చేతికిచ్చాను. బడిలో పాఠం అప్పజెప్పేవాడిలా నిటారుగా కూర్చుని మాట్లాడారు.

"నేను తెలియక పెట్టాను. దాని వల్ల ఒక బిడ్డకి ప్రాణం మీదికొచ్చింది. ఆ పొడి ఎవరూ వాడొద్దు. నేను వేరే గ్రూపుల్లో కూడా పెట్టాను, వాటన్నిట్లోనూ ఇదే చెబుతాను. ఆ బిడ్డ తల్లి నన్ను క్షమించాలి."

పంపి, అందరూ రాయడానికి గ్రూపు తెరిచాను. మొదట ఎవరు ఏమంటారోనని ముగ్గురం ఫోన్ చూస్తూ కూర్చున్నాం. మొదటి మాట రేపల్లె అమ్మాయిదే. గ్రూపులో ఆమె రాసిన మొదటి మాట కూడా అదే.

"తాతగారూ, బాబు ఇవాళ ఇడ్లీ తిన్నాడండి. మీ మనవరాలు ఎలా ఉంది?"

తాతగారి కళ్లజోడు లోపలెక్కడో ఉంది. నేను చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నారు. తర్వాత లేచి లోపలికి వెళ్లి, మాకు మంచినీళ్లు తెచ్చారు.

ఆయన అన్న మాట నిలబెట్టుకున్నారు. ఏ కబురొచ్చినా ముందు సిస్టరమ్మకి పంపుతారు. అందులో చాలావరకు ఉత్తివే. ఆమె విసుక్కోకుండా ఒక్కోదానికీ జవాబిస్తుంది. మిగతావాళ్లు కూడా మెల్లగా అదే పద్ధతికి వచ్చారు. రేపల్లె అమ్మాయి ఇప్పుడు గ్రూపులో బాగా మాట్లాడుతుంది. కొత్తగా ఎవరైనా చేరితే ముందు పలకరించేది ఆమే.

మొన్న చలికాలంలో అందరం పిల్లల్ని తీసుకుని బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రానికి వెళ్లాం. సరుగుడు చెట్ల కింద దుప్పట్లు పరిచి క్యారియర్లు విప్పాం. పిల్లలందరూ ఒక వరసలో కూర్చుని, ఎవరి మిషన్ వాళ్లు తీసి, వేలు గుచ్చుకుని షుగరు చూసుకుంటున్నారు. బళ్లో అయితే మూల గదిలోకి వెళ్లి చూసుకునే పిల్లలు. అక్కడ ఒకరి అంకె ఒకరు అడిగి, "నాకంటే ఎక్కువే నీకు" అని నవ్వుకుంటున్నారు. మా పాప తాతగారి మనవరాలి పక్కన కూర్చుని, సూది ఎలా పట్టుకోవాలో చూపిస్తోంది. తాతగారు పెరుగన్నం గిన్నె పట్టుకుని, ఆ పిల్ల తనంతట తను సూది వేసుకోవడం అయ్యేదాకా కదలకుండా నిలబడ్డారు. అయ్యాక ఆ పిల్ల తలెత్తి, "నొప్పి లేదు తాతా" అంది.

"సరే, తిను మరి," అని ఆయన వంగి అన్నం వడ్డించారు.