రిబ్బనుకు అవతలి బాత్రూం

ఎర్ర రిబ్బను ఎక్కడ కనబడ్డా నాకు ఒళ్లు మంట. షాపు ఓపెనింగుకి పిలిచినా వెళ్లను. దానికి కారణం మా మావయ్య, మా అమ్మకి తమ్ముడు.

మావయ్య పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు. మేత చల్లడం, మోటార్లు చూసుకోవడం, చెరువుగట్టు మీదే షెడ్డులో కాపురం. ఆ గట్ల మీద బతికే మగవాళ్లలో పెద్ద డాక్టరు మొహం చూసినవాడు అరుదు. ఒంట్లో బాగోకపోతే ఆర్‌ఎంపీ సూది, లేకపోతే యానాం నుంచి వచ్చిన బ్రాందీ సీసా. కొన్నాళ్లుగా మావయ్యకి మూత్రం సరిగా రావడం లేదు. పొత్తికడుపు బిగిసిపోతుంది, వెళితే చుక్కలు, ఒక్కోసారి ఆపుకుందామన్నా ఆగదు. ఈ సంగతి ఎవరికైనా చెప్పాలంటే చచ్చేంత సిగ్గు. అత్తయ్యకి కూడా చెప్పలేదు. నాకు చెప్పాడు, అదీ మొహం పక్కకి తిప్పుకుని.

సరిగ్గా అప్పుడే, ప్రభుత్వం మగవాళ్ల కోసమే ఆరోగ్య శిబిరం పెడుతోందని ఆటోలో మైకు తిరిగింది. మా ఊళ్లో కొత్తగా కట్టిన ఆరోగ్య కేంద్రంలో అట, స్కానింగ్ వ్యాను కూడా వస్తుందట. నేను మావయ్యని బతిమాలి, తిట్టి, నేను పాఠాలు చెప్పే స్కూలుకి సెలవు పెట్టి మరీ తీసుకెళ్లాను.

గేటు దగ్గర నర్సుగారు మర్యాదగానే చెప్పింది. "కడుపునిండా నీళ్లు తాగండి బాబాయిగారూ. స్కానింగ్ అయ్యేదాకా బాత్రూంకి వెళ్లకూడదండి."

మావయ్య చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ముందు బెంచీ మీద కూర్చుని నీళ్లు సీసా తరవాత సీసా తాగేశాడు.

ఆ తరవాత తెలిసింది మాకు. డాక్టరుగారు లోపలే ఉన్నారు, మిషనూ దింపేశారు, కానీ గుమ్మానికి అడ్డంగా రిబ్బను కట్టేశారు. ముఖ్య అతిథి వచ్చి కత్తిరించాలి. పొద్దున్నే వస్తానన్న ఆ మహానుభావుడు మధ్యాహ్నమైనా రాలేదు.

మావయ్య నుదుటి నిండా చెమట. "ఒరే అబ్బాయ్, ఇంక ఆగదురా" అన్నాడు. చుట్టూ చూశాను. ఎదురుగా రోడ్డు, దాని అవతల కాలవ, రోడ్డు పొడుగునా హారతి పళ్లేలతో నిలబెట్టిన మా ఊరి ఆడవాళ్లు. ఉన్న ఒక్క బాత్రూం రిబ్బనుకు అవతల. జేబులో కత్తెర పెట్టుకుని హడావిడి పడుతున్న ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాను.

"కొంచెం లోపలికి పంపించండి సార్, పెద్దాయనకి బాగా ఇబ్బందిగా ఉంది."

"ఎలాగండీ? సార్ రాకుండా రిబ్బను దాటితే నన్ను ఉంచుతారేంటి? పైగా బాత్రూం సార్ కోసం ఇప్పుడే కడిగించామండి."

కడిగించారట! మగవాళ్ల ఆరోగ్యమని గోడంత బ్యానరు కట్టారు, ఒక మగవాడు ఉచ్చ పోసుకోవడానికి చోటు లేదు. ఆ ఫినాయిలు వాసనా, ఆ గులాబీ దండలూ, ఆ ఆఫీసరు పళ్లికిలింపూ, అన్నీ కలిపి ఎత్తి కాలవలో పారేద్దామన్నంత అసహ్యం వేసింది.

నేనింకా వాదిస్తుండగానే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తిరిగి చూశాను. మావయ్య లుంగీ తడిసిపోయింది. బెంచీ మీద నుంచి నీళ్లు కారుతున్నాయి. పళ్లేలు పట్టుకున్న ఆడవాళ్లు గబుక్కున తలలు తిప్పుకున్నారు. మావయ్య ఎవరి వంకా చూడలేదు. లేచి, రోడ్డు దాటి, కాలవలోకి బట్టలతోనే దిగిపోయాడు. నడుం లోతుకి వెళ్లి అక్కడే నిలబడ్డాడు. మొత్తం తడిస్తే ఏది ఏ తడో తెలియదని కాబోలు.

"పైకి రా మావయ్యా. పొడి లుంగీ తెస్తాను, చూపించుకునే వెళ్దాం" అని నేను గట్టు మీద నుంచి అంటుండగానే కార్లు వచ్చాయి. టపాకాయలు పేలాయి, చప్పట్లు వినబడ్డాయి. కాసేపటికి మైకులో ముఖ్య అతిథి గొంతు కాలవ దాకా ఖంగుమని వచ్చింది.

"మన మగవాళ్లకి ఉన్న పెద్ద జబ్బేంటో తెలుసాండీ? సిగ్గు! ఇన్ని ఏర్పాట్లు చేసినా రారు. ఆ ముందు బెంచీ చూడండి, ఖాళీ!"

మావయ్య ఆ మాట విన్నాడు. దోసిలితో నీళ్లు తీసి మొహం కడుక్కున్నాడు.

"వాళ్లంతా వెళ్లాక చెప్పరా, అప్పుడొస్తాను" అన్నాడు.

అందరూ వెళ్లేదాకా నీళ్లలోనే ఉన్నాడు. కార్ల వెనకాలే స్కానింగ్ వ్యాను కూడా వెళ్లిపోయింది.