దుంపల గుంట

టేసీ లాంబోర్న్ బుద్ధెరిగాక ఎవరినీ "మీరు" అనలేదు. పొగరు కాదు, వాళ్ళ మతం అంతే. దేవుడి ముందు అందరూ ఒకటైనప్పుడు ఒకరికి "గారు" తగిలించి ఇంకొకరికి మానేయడం ఎందుకని క్వేకర్లు జడ్జినీ జీతగాణ్ణీ ఒకేలా పిలిచేవారు. పెన్సిల్వేనియాలోని ఆ ఊళ్ళో కుర్రకారు ఆ అలవాటును ఎప్పుడో గాలికొదిలేశారు. టేసీ వదల్లేదు. అబద్ధం ఆడకూడదన్న నియమాన్ని కూడా వదల్లేదని ఆమె గట్టి నమ్మకం. చిక్కంతా ఆ నమ్మకంతోనే వచ్చింది.

ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఆమె పూర్వీకుడు కట్టించిన రాతి ఇల్లది. టేసీ ఆ ఇంటి మేడగదిలోనే పుట్టింది. తండ్రికి చివరిదాకా చాకిరీ చేసింది. పెళ్ళెందుకు చేసుకోలేదంటే, "అడిగినవాడు వాగుడుకాయ, నాకు పడలేదు" అనేది. అన్న పొలాలు అమ్మేశాక ఇంటిని ఊరి సంఘానికి రాసిచ్చారు. వాళ్ళు దాన్ని మ్యూజియం చేశారు. వెనక రెండు గదుల్లో టేసీ ఉండిపోయింది, పొయ్యి రాజేస్తూ, దుమ్ము దులుపుతూ. సంఘం ఆడవాళ్ళు ఎక్కడినుంచో పూల తెరలూ వెండి దీపస్తంభాలూ తెచ్చిపెడితే, "మా అమ్మ చూస్తే వీటిమీద దుప్పటి కప్పేసేది" అని గొణుక్కునేది.

ఎన్ని తెరలు కట్టినా జనం రాలేదు. క్వేకర్ల ఇంట్లో చూడ్డానికి ఏముంటుంది? బొమ్మలు గీయించుకోవడం కూడా డాంబికమనుకునే మనుషులాయె. ఈలోగా పైకప్పు కారడం మొదలైంది.

సంఘం పెద్ద మోర్టన్ క్రెస్‌వెల్ టేసీకి మేనమామ కొడుకు. మంచివాడే గానీ కథలంటే చెవి కోసుకుంటాడు. ఒకరోజు వంటింటి కింద నేలమాళిగలో చెక్కమూత ఎత్తి చూశాడు. అడుగున గుంట కనిపించింది. దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసలను లాంబోర్న్‌లు అక్కడే దాచారని ఆ పూటే తేల్చేశాడు.

"మోర్టన్, అది దుంపల గుంట. చలికాలానికి టర్నిప్పులు దాచుకునేవాళ్ళం."

"దుంపలు పట్టిన చోట మనిషి పట్టడా ఏంటి?"

"పడతాడు. కానీ ఎవరూ దాక్కోలేదు."

"నిన్నేమన్నా అబద్ధం ఆడమన్నానా? చెప్పేది నేను. నువ్వు పక్కన నిలబడు చాలు. రేపు పైకప్పు కూలితే నీ నిజాన్ని గొడుగులా పట్టుకుంటావా?"

టేసీ నిలబడింది. బస్సులు వచ్చాయి. పైకప్పు సగం బాగుపడింది. మోర్టన్ కథ ముగించగానే జనం ఆమె బూడిదరంగు గౌనునూ తెల్లజుట్టునూ చూసి భక్తిగా తలలూపేవారు. ఆమె నేలచూపులు చూసేది. "నేనేం అనలేదుగా" అని మనసుకు సర్దిచెప్పుకునేది. క్వేకర్లకు మౌనమే ప్రార్థన; ప్రతి ఆదివారం ప్రార్థన మందిరంలో అందరితో కలిసి నోరు మెదపకుండా కూర్చుని పెరిగిన మనిషి. మౌనానికి అబద్ధం అంటదనుకుంది.

ఆకులు రాలే కాలంలో ఫిలడెల్ఫియా నుంచి ఒక చర్చి ఆడవాళ్ళు వచ్చారు. అందరూ నల్లవాళ్ళే. కథ విని, ఆపిల్ రసం తాగడానికి పైకి వెళ్ళారు. ఒకామె మాత్రం గుంట దగ్గర ఆగిపోయింది.

"ఒడెస్సా టిల్‌మన్, నువ్వు తాగవా?" అంది టేసీ, వచ్చినప్పుడు విన్న పేరు గుర్తుంచుకుని.

ఆమె మొహం గంటుపెట్టుకుంది. "టిల్‌మన్ గారు అనండి. మీవాళ్ళు మమ్మల్ని పేరుపెట్టి పిలవడం మాకు కొత్తేం కాదు."

టేసీకి తల కొట్టేసినట్టయింది. "తప్పుగా అనుకోకు. గవర్నరొచ్చినా నేనింతే. నువ్వూ నన్ను టేసీ అనే పిలువు."

ఇంతలో పైనుంచి మోర్టన్ కేక. "నువ్వు కానియ్, మోర్టన్!" అని టేసీ అరిచింది. సంఘం పెద్దనూ అలాగే పిలవడం విని ఒడెస్సాకు నవ్వాగలేదు.

"సరే టేసీ. మా తాతమ్మ మేరీలాండ్‌లో బానిస, అక్కణ్ణుంచి పారిపోయి నడిచొచ్చింది. ఎవరో క్వేకర్లు వంటింటి కింద గుంటలో దాచారని చెప్పేది. ఆ ఇల్లేదో తెలీదు. బడి నుంచి రిటైరైనప్పటి నుంచీ వెతుకుతున్నా."

టోపీ, చేతితొడుగులూ తీసి పక్కన పెట్టింది. గుంటలోకి దిగి, మట్టిగోడకు అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుంది.

టేసీ చూస్తూ ఉండిపోయింది. పుట్టినప్పటి నుంచీ మౌనం మధ్య బతికిన మనిషికి ఆ మౌనం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. దాని ముందు తన మౌనం ఎంత దొంగదో తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది.

"ఒడెస్సా, పైకి రా. మీ తాతమ్మ ఇక్కడ దాక్కోలేదు. ఎవరూ దాక్కోలేదు. ఇది దుంపల గుంట."

ఒడెస్సా వెంటనే కళ్ళు తెరవలేదు. "నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి నుంచీ."

"మరి ఇందాక ఆయన చెప్తుంటే పక్కనే ఉన్నావుగా?"

"నేనేం అనలేదు."

"అవును. అనలేదు."

టేసీ అందించిన చెయ్యి పట్టుకోకుండానే ఆమె పైకి వచ్చింది. మట్టి దులుపుకుంటూ ఎత్తిపొడుపుగా అడిగింది. "పోనీ, ఈ ఇంట్లో మావాళ్ళెవరన్నా అడుగుపెట్టారా అసలు?"

దీనికి జవాబు చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆ సంగతి తెలిసినవాళ్ళు టేసీ తప్ప ఎవరూ బతికిలేరు. చెబితే లాంబోర్న్‌ల పేరూ పోతుంది, మిగతా సగం పైకప్పూ పోతుంది.

"ఒకావిడ ఉండేది. వయొలెట్. ఈ ఇల్లు కట్టించినవాడే కొనుక్కొచ్చాడు. మా నాయనమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ ఒక్కసారి చెప్పింది. మళ్ళీ ఎత్తలేదు."

"క్వేకర్లు మనుషుల్ని కొన్నారా?"

"కొన్నారు. తర్వాత తప్పని తెలుసుకున్నారు. మావాడికి మాత్రం చచ్చేదాకా తెలీలేదు."

"ఎక్కడ పడుకునేది?"

"వంటింటి మీద అటకగదిలో. ఇప్పుడక్కడ మడతకుర్చీలు పడేశారు."

"చూపించు."

ఇద్దరూ కుర్చీలు ఒక్కొక్కటే ఇరుకు మెట్ల మీదుగా దింపసాగారు. మోర్టన్ ఒగరుస్తూ వచ్చాడు.

"టేసీ, ఏంటిది? అవతల బస్సు ఎదురుచూస్తోంది!"

"వయొలెట్ గది ఖాళీ చేస్తున్నా."

"ఏ వయొలెట్?"

"అందరితోపాటు నీకూ చెప్తాను. పక్కకి జరుగు."

ఆ గదిలో నిటారుగా నిలబడే వీల్లేదు. ఒడెస్సా నేలమీద చతికిలబడింది. పక్కనే టేసీ కూర్చుంది. అలవాటు ప్రకారం చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచి, మౌనంలోకి వెళ్ళబోయింది.

ఒడెస్సా ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇప్పుడొద్దు టేసీ. మాట్లాడు."