పిల్లల డాక్టరు బోర్డు కింద లాయరు

మా బిందుకి ఒళ్ళు వెచ్చబడిందని తెనాలిలో పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. గంట గంటకీ చూసిన జ్వరం అంకెల్ని గ్రాఫు గీసి మరీ తీసుకెళ్ళాను. లోపల తెల్లచీర మీద నల్లకోటు వేసుకున్నావిడ ఆ గ్రాఫుని శ్రద్ధగా చూసింది.

"చక్కగా గీశారండి. కానీ నేను లాయర్ని. డాక్టరుగారు పోయిన నెల మార్కెట్ వెనక్కి మారిపోయారు."

బయటికొచ్చి పైకి చూస్తే డాక్టరుగారి పెద్ద బోర్డు అలాగే ఉంది. దాని కింద, పలక అంత బోర్డు మీద 'మైథిలి, న్యాయవాది' అని ఉంది.

మైథిలిది బాపట్ల. రేపల్లెలో వేంకటసుబ్రహ్మణ్యం గారనే పెద్ద లాయరు దగ్గర ఎనిమిదేళ్ళు జూనియరుగా చేసింది. ఒక సోమవారం ఆఫీసుకి వెళ్తే తన కుర్చీలో ఆయన కొడుకు కౌశిక్ కూర్చుని ఉన్నాడు.

"మావాడు హైదరాబాద్ నుంచి వచ్చేశాడమ్మా. నువ్వు ఎక్కడున్నా బతకగలవు" అని దీవించి పంపేశారు సారు.

రెండు రోజులు బాపట్లలో అమ్మ దగ్గర ముసుగుతన్ని పడుకుని, మూడో రోజు తెనాలి వచ్చి ఈ గది అద్దెకి తీసుకుంది. పై బోర్డు దించడానికి పొడుగు నిచ్చెన కావాలి. ఇంటాయన రేపంటూనే ఉన్నాడు. దాంతో పొద్దున్నుంచీ బెంచీ నిండా ఏడ్చే పిల్లలే. అందరికీ కొత్త అడ్రసు చీటీ రాసివ్వడమే ఆవిడ పని. కేసు మాత్రం ఒక్కటీ లేదు.

"ప్రాక్టీసు భలే పుంజుకుంది మేడం" అనేవాడు పక్క జిరాక్సు షాపాయన.

డాక్టరుగారు వదిలేసిన తూకం మిషను అక్కడే ఉండటంతో నేను వారానికోసారి బిందుని తూచడానికి వెళ్ళేదాన్ని.

ఒకరోజు నందివెలుగు నుంచి కొండమ్మ అనే పెద్దావిడ, దగ్గుతున్న మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. మైథిలిని చూడగానే కొండమ్మ పిల్ల దగ్గు సంగతే మర్చిపోయింది.

"నువ్వు ఇక్కడున్నావా తల్లీ! మీ సారు కొడుకు నా కాగితాలు చూసి, గట్టంటే ఏంటి అని అడిగాడమ్మా!"

రేపల్లె దగ్గర ఆవిడ చేను గట్టుని పక్కవాడు జరిపేశాడు. ఆ కేసు మొదట్నుంచీ చూసింది మైథిలే. వాయిదా సోమవారం. కానీ లాయర్ని మార్చాలంటే, తనకి అభ్యంతరం లేదని పాత లాయరు సంతకం పెట్టాలి. మైథిలి మూడుసార్లు ఫోన్ చేసింది, సారు ఎత్తలేదు. సంతకం రాకపోతే తొలి కేసు చేజారినట్టే.

శుక్రవారం నేను బిందుని మిషను మీద కూర్చోబెడుతుంటే గుమ్మం ముందు స్టేషను నుంచి వచ్చిన ఆటో ఆగింది. జ్వరంతో కాలిపోతున్న మనవణ్ణి ఎత్తుకుని దిగారు వేంకటసుబ్రహ్మణ్యం గారు. పై బోర్డు మాత్రమే చదివి లోపలికొచ్చేశారు.

"డాక్టర్ గారూ..." అని అక్కడే ఆగిపోయారు.

సంతకం సంగతి కనుక్కుందామని వచ్చిన కొండమ్మ బెంచీ మీద ఉంది. "ఏం సారూ, మీరు కూడా కేసు పట్టుకుని ఈ అమ్మాయి దగ్గరికే వచ్చారా?" అంది.

ఆయన మొహం చూడాలి! అప్పటికే మైథిలి డాక్టరుగారికి ఫోన్ చేస్తోంది. "సార్, డాక్టరుగారు ఉన్నారట, వెంటనే రమ్మంటున్నారు. మార్కెట్ వెనక, మెట్ల పక్కన రెండో గుమ్మం."

కొండమ్మ సంచీలోంచి కాగితం లాగింది. "పనిలోపని ఒక సంతకం..."

"ఇప్పుడు కాదు పిన్నిగారూ. ముందు బాబుని చూపించుకోనివ్వండి."

ఆటో వెళ్ళిపోయింది. కొండమ్మకి కోపం నషాళానికి అంటింది. "చేతికొచ్చిన మనిషిని వదిలేశావు! నువ్వేం లాయరువి!"

మైథిలి చీటీల కట్ట సర్దినదే సర్దుతూ కూర్చుంది. కదిలితే బిందు బరువు తప్పు చూపిస్తుందేమోనన్నట్టు నేనూ కదల్లేదు.

గంట తర్వాత అదే ఆటో వచ్చింది. పిల్లాడు భుజం మీద నిద్రపోతున్నాడు.

"వట్టి జలుబేనట. ఏదమ్మా ఆ కాగితం?" అన్నారు సారు. మనవడు లేవకుండా, నిలబడే సంతకం పెట్టారు. గుమ్మం దాటుతూ పైకి చూసి, "ముందా బోర్డు తీయించు. జనం తికమకపడుతున్నారు" అన్నారు.

"ముందే తీయించి ఉంటే మీరు వచ్చేవారా సార్?" అంది మైథిలి.

సోమవారం పొద్దున కొండమ్మని వెంటబెట్టుకుని రేపల్లె రైలెక్కింది. వెళ్తూ వెళ్తూ, వచ్చే తల్లులకి ఇవ్వమని చీటీల కట్ట జిరాక్సు షాపాయనకి అప్పగించి వెళ్ళింది.