పాత ప్రత్యర్థి లేని నవంబర్

ఈ ఉదయం మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కొత్త కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము ఆడుకునే జట్ల కూటమిలో, చేరింది. మాలాగే ఓక్లహోమా రాష్ట్రంలోనే ఉన్న పాత ప్రత్యర్థితో ఏటా ఆడే మ్యాచ్ ఇక లేదు.

ఎనభైల్లో ఇక్కడి టల్సా నగరంలో పెరిగినవాళ్లకు ఆ మ్యాచ్ జరిగే నవంబర్ శనివారం గుర్తుండే ఉంటుంది. నాన్నది ఎర్ర చొక్కాల మా జట్టు, ఆయన స్నేహితుడు రావు అంకుల్‌ది నారింజ. ఓడిన జట్టు మనిషి గెలిచిన జట్టు చొక్కా వేసుకుని రెండు కుటుంబాలకూ పులిహోర వడ్డించాలి. పోయిన ఏడాది దాకా దాదాపు ప్రతిసారీ అంకులే వడ్డించేవారు.

“ఎరుపు నీకు బాగా నప్పింది బావా, ఉంచేసుకో,” అనేవాడు నాన్న.

కొత్త కాన్ఫరెన్స్‌లో పెద్ద జట్లున్నాయని మా అబ్బాయికి సంబరం. నాకూ చూడాలనే ఉంది. కానీ ఇందాక అంకుల్ ఫోన్ చేశారు.

“మీవాళ్లు మమ్మల్ని వదిలేసి పోయారు కదరా. ఇంక నేను మీ ఇంటికి దేనికి రావాలి?”

స్పీకర్‌లో విన్న నాన్న లేచి, ఎర్ర చొక్కా మడిచి బీరువాలో పెట్టేశాడు.

నవంబర్‌లో మా జట్టు కొత్త కాన్ఫరెన్స్‌లోని అలబామా జట్టుతో ఆడుతుంది. ఆ రోజు భోజనానికి నాన్న, నేను, మా అబ్బాయి, ముగ్గురమే.