పూడ్చని గుంత

ముప్పై ఏళ్ళు దాటింది. నా భార్యకు చెప్పలేదు, తాగినప్పుడు కూడా నోరు జారలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒక మనిషి కాలు నావల్ల పాడైంది. పాడైన సంగతి ఊరందరికీ తెలుసు. నావల్లనని నాకొక్కడికే తెలుసు.

కువైట్‌లో అప్పటికే మంచు మీద జారుతూ ఆడుకునే ఐస్ రింక్ ఉండేది. బయట ఎండకు చెప్పులు అతుక్కుపోతుంటే, లోపల మేం స్వెట్టర్లు వేసుకుని పనిచేసేవాళ్ళం. నేను పిల్లల కాళ్ళకు స్కేట్లు తొడిగేవాణ్ని, నేల తుడిచేవాణ్ని. మా ఊరి మనిషే ఓబులేసు. మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో తోటపని చేస్తూ, వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌తో పడలేక అవస్థ పడుతుంటే, మేనేజరు కాళ్ళావేళ్ళా పడి వాణ్ని రింక్‌లో పెట్టించింది నేనే. బ్నీద్ అల్ గార్‌లో నా గదిలోనే చోటిచ్చాను. నన్ను అన్నా అనేవాడు.

మంచు దేశాల్లో స్కేటింగ్ నేర్పి వచ్చిన కోచ్ ఒకాయన మా ఇద్దరికీ శిక్షణ మొదలుపెట్టాడు. పరీక్షలో నెగ్గిన ఒక్కడు పిల్లలకు నేర్పే అసిస్టెంటు అవుతాడు. చేతిలో చీపురు పోయి మెడలో విజిల్ వస్తుంది. ఆ విజిల్ మీద నాకెంత ఆశ పుట్టిందో చెబితే నవ్వుతారు. ఆయన మొదట నేర్పింది దెబ్బ తగలకుండా పడటం. అది నాకు బాగానే వచ్చింది, లేచి జారడమే రాలేదు. ఓబులేసు నెల తిరక్కుండానే వెనక్కి జారుతూ ఒంటికాలి మీద గిర్రున తిరిగేవాడు. కోచ్ వాడికేసి చూసి తల ఊపేవాడు, నాకేసి చూసి యల్లా, యల్లా అని తొందరపెట్టేవాడు. నేను పెట్టించిన మనిషి, నా గదిలో తిని పడుకునే మనిషి నన్ను దాటిపోతున్నాడు. వాడి మీద ప్రేమ తగ్గిందా అంటే తగ్గలేదు. ప్రేమ ఉండగానే ఆ పని ఎలా చేశానో నాకిప్పటికీ అర్థం కాదు.

స్కేట్ల కొనలు గుచ్చుకుని మంచులో గుంతలు పడతాయి. రోజూ తలుపులు తెరవకముందే మాలో ఒకడు బకెట్లో మంచుపొడి, నీళ్ళు కలిపి వాటిని పూడ్చి, గట్టిపడేదాకా చూడాలి. పరీక్ష రోజు ఆ వంతు నాది. అన్నీ పూడ్చాను. ఓబులేసు ఎప్పుడూ తిరిగే మూల దగ్గర ఇంకొకటి ఉంది, రెండు వేళ్ళు దిగేంత. దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను కూడా. బకెట్లో మంచు ఇంకా ఉంది. లేచి వచ్చేశాను.

మరిచిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. మరిచిపోయినవాడు, వాడు తిరిగే సమయానికి కళ్ళెందుకు మూసుకుంటాడు? కాలు విరుగుతుందని అనుకోలేదు, అది నిజం. పడతాడు, కోచ్ ముందు నవ్వులపాలవుతాడు, అంతే అనుకున్నాను. ఎముక విరిగిన చప్పుడు ఆ చివర నిలబడ్డ నాకు కూడా వినిపించింది.

ఆసుపత్రిలో తొడదాకా కట్టు కట్టారు. ఆ వారంలోనే ఇరాక్ సైన్యం దిగింది. తెల్లారేసరికి వీధుల్లో ట్యాంకులు. రింక్ మూతపడింది, కోచ్ ఏమయ్యాడో తెలియదు. కొన్నాళ్ళకు మా గదివాళ్ళు జోర్డాన్ వైపు పోయే బస్సు మాట్లాడారు. ఓబులేసును వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకుపోదామన్నారు. వద్దు, కుదుపులకు ఎముక కదులుతుంది అన్నది నేనే. వాడి మంచికే అన్నానా? ఆ ఎడారి పొడుగునా ఆ కాలిని చూస్తూ కూర్చోలేక అన్నానా? ఎన్నిసార్లు అడుక్కున్నా నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

బయలుదేరేముందు వాణ్ని చూడటానికి పోయాను. నర్సుల్లో సగం మంది అప్పటికే వెళ్ళిపోయారు. వాడు నన్ను మంచం అంచున కూర్చోమని, మెల్లగా అడిగాడు.

"అన్నా, ఆ మూల గుంతేమన్నా ఉన్నిందా?"

"లేదు రా. అన్నీ పూడ్చినా."

"అట్లయితే నా కాలే తప్పు పడింది. నువ్వు పూడ్చినాక ఇంగేముంటాది." దుప్పటి కాలి మీదికి లాక్కుని, "నువ్వు పో అన్నా. మా ఇంట్లో నేను బాగుండానని చెప్పు," అన్నాడు.

చెప్పాను. ఆ మాట కూడా నా నోటితోనే చెప్పాను.

యుద్ధం ముగిశాక వాడు ఊరు చేరాడు. సరిగ్గా చూసేవాళ్ళు లేక ఎముక వంకరగా అతుక్కుంది, కాలు పొట్టిదైంది. మళ్ళీ గల్ఫ్‌కు పోలేకపోయాడు. నేను పోయాను. రింక్ తెరిచాక పోటీకి ఎవరూ లేరు, విజిల్ నా మెడలో పడింది. చాలా ఏళ్ళు పిల్లలకు నేర్పాను. సెలవుకు వచ్చినప్పుడల్లా అందరికంటే ముందు కుంటుకుంటూ వచ్చేది ఓబులేసే.

ఇప్పుడిద్దరం ఊళ్ళోనే ఉన్నాం. టీ అంగడి దగ్గర కొత్తవాళ్ళెవరైనా కాలి సంగతి అడిగితే, "నాకు రాని విద్యకు పోయి ఇరగ్గొట్టుకుంటి," అని నవ్వుతాడు. నన్ను చూపించి, "విద్య ఈ అన్నది," అంటాడు. నేను పక్కనే కూర్చుని టీ తాగుతాను. కాలు విరిచినదానికంటే ఆ టీ తాగినందుకే నాకు ఎక్కువ సిగ్గు.

వాడికెందుకు చెప్పను? ఈ వయసులో వాడి మనసు కష్టపెట్టడమెందుకని సర్దిచెప్పుకుంటాను. అదీ అబద్ధమే. వాడు నన్ను అన్నా అనడం మానేస్తాడని భయం. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ చేతిలో లేదు. ఒక్కసారైనా ఎవరితోనైనా నిజం అనాలనిపించింది, అన్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. ఓబులేసుకు ఆ విద్య వచ్చు. నాకంటే బాగా వచ్చు. ఆ రోజు వాడి కాలు సరిగ్గానే పడింది.